సోడా కొట్టులో పెరెల్మాన్

మా నాయనకు రష్యా ఏ దిక్కున ఉందో తెలియదు. ఆ దేశపాయన ఒకాయన రాసిన మాటను మాత్రం మా సోడా కొట్టులో ఓపిక ఉన్నన్నాళ్లూ పాటించాడు. సైన్సును సరదాగా చెప్పే పుస్తకాలు రాసిన ఆయన పేరు యాకొవ్ పెరెల్మాన్ అని నేను ఎన్నిసార్లు చెప్పినా నాయనకు నోరు తిరిగేది కాదు. "మీ రష్యా అయివారు" అని ఊరుకునేవాడు.

కొట్టు కావలి బస్టాండుకు దగ్గర్లో ఉండేది. రేకుల పంచ, రెండు బెంచీలు, గోలీ సోడాలు నింపే మిషను, ఒక పెద్ద చెక్కపెట్టె. అంతే ఆస్తి. పొద్దున్నే ఐస్ ఫ్యాక్టరీ నుంచి రిక్షాలో దిమ్మ వచ్చేది. రంపప్పొట్టు కడిగి దాన్ని పెట్టె అడుగున దించి, పైన గోనెపట్టా పరిచి, దాని మీద గోలీ సోడాలు, కలర్ సీసాలు వరసగా పడుకోబెట్టేవాడు నాయన. ఊళ్లో ఏ కొట్టులో చూసినా ఇదే పద్ధతి. పొయ్యి కింద ఉంటేనే కదా పైన గిన్నె కాగేది, ఐసు కింద ఉంటే పైన సీసా చల్లబడుతుంది, ఇందులో అడగాల్సింది ఏముంది అని అందరి నమ్మకం. నాదీ అదే నమ్మకం, పెరెల్మాన్ చేతిలో పడేదాకా.

టెన్త్ పరీక్షలు రాసిన వేసవిలో, 1977లో, ఒకరోజు కొట్టుకెళ్లి చెప్పాను. "నాయనా, ఐసు పైన పెట్టాల. సీసాలు కింద పెట్టాల."

"ఎవురు చెప్పింది?"

"పుస్తకంలో ఉండాది."

"పుస్తకం రాసినోడు ఎప్పుడైనా సోడా అమ్మినాడా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కానీ కారణం చెప్పగలిగాను. చల్లబడిన నీళ్లు బరువెక్కుతాయి. సీసా అడుగున ఐసు ఉంటే అడుగున ఉన్న సోడా చల్లబడి అక్కడే కూర్చుంటుంది, పైన ఉన్నది వెచ్చగానే మిగిలిపోతుంది. అదే ఐసు పైన ఉంటే, పైన చల్లబడింది కిందికి దిగుతుంది, కింద ఉన్న వెచ్చటిది పైకొస్తుంది, అది కూడా చల్లబడుతుంది. సీసా చుట్టూ ఉన్న గాలి సంగతి కూడా అంతే. చల్లగాలి కిందికే దిగుతుంది గానీ పైకి రాదు. నాయన అంతా విని ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం దిమ్మను రెండు ముక్కలు కొట్టించి, ఒక ముక్క పాత పద్ధతిలో కింద పెట్టి, రెండోదాన్ని ఒక చిన్న పెట్టెలో సీసాల పైన పెట్టాడు. మధ్యాహ్నం వచ్చిన బేరగాళ్లకు ఇందులోది ఒకటి, అందులోది ఒకటి చేతికిచ్చి "ఏది చల్లంగుంది?" అని అడిగాడు. వాళ్లకు విషయం చెప్పలేదు. సాయంత్రానికి తేలిపోయింది.

అక్కడితో అయిపోయిందా అంటే కాలేదు. పైనున్న ఐసు కరిగి నీళ్లు సీసాల మీద కారేవి, చేతికి జారేవి. పైగా పెట్టె మూత తీస్తే సీసాలు కనపడవు, ఐసు కనపడుతుంది. "కలర్ అయిపోయిందా?" అని వెనక్కి పోయేవాళ్లు. నాయన ఒక రేకు తెచ్చి, అంచులు మడిచి, ఒక మూలకు వాలుగా బిగించి, నీళ్లు పెట్టె బయట బక్కెట్లోకి పోయేట్టు చేశాడు. రెండు ఖాళీ సీసాల్లో రంగునీళ్లు నింపి ముందర బెంచీ మీద నిలబెట్టాడు, చూపుకి. ఇవి పెరెల్మాన్ రాయలేదు. ఆ మాటకొస్తే నాయన ప్రశ్న న్యాయమైనదే, ఆయన ఎప్పుడూ సోడా అమ్మలేదు.

నాకు పెరెల్మాన్‌ను చూపించింది మా లెక్కల ట్యూషన్ అయ్యవారు. పేరు రాస్తే ఆయనకు నచ్చదు, బతికున్న రోజుల్లోనే ఎక్కడా పేరు వేయించుకోని మనిషి. విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను ఊరికి వచ్చినప్పుడల్లా అయ్యవారు జీతంలో కొంత అక్కడ వదిలిపెట్టి వచ్చేవారు. మాస్కో అచ్చు పుస్తకాలు ఎంత చవకో ఆ తరం వాళ్లందరికీ గుర్తే. గట్టి అట్ట, కుట్టిన బైండు, ఒక రకమైన జిగురు వాసన. మిర్ పబ్లిషర్స్ వాళ్లు 1975లో ఇంగ్లీషులో వేసిన 'ఫిజిక్స్ ఫర్ ఎంటర్‌టైన్‌మెంట్' రెండు భాగాలు ఆయన దగ్గర ఉండేవి. మాది తెలుగు మీడియం. అందుకని ఆయన పుస్తకం ముందు పెట్టుకుని, చూసీ చూడనట్టు, మా ఊరి తెలుగులో చెప్పుకుంటూ పోయేవారు. పెరెల్మాన్ సమోవర్ అంటే ఈయన డికాషన్ గిన్నె అనేవారు. లెనిన్‌గ్రాడ్ అంటే నెల్లూరు. మేం చాలాకాలం ఆ ఉదాహరణలన్నీ అయ్యవారి సొంతం అనుకున్నాం.

ట్యూషన్ మొదట్లో పావుగంట పాఠం ఉండేది కాదు, ప్రశ్న ఉండేది. ఒకణ్ణి పిలిచి కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టేవారు. వీపు ముందుకు వంచకూడదు, కాళ్లు కుర్చీ కిందికి లాక్కోకూడదు. "ఇప్పుడు లెయ్ రా" అనేవారు. వాడు ఎంత గింజుకున్నా లేవలేడు. పుట్టినప్పటినుంచీ కూర్చుంటూ లేస్తూ ఉన్నాం, లేవాలంటే ముందు ఒంటి బరువును పాదాల మీదికి తెచ్చుకోవాలన్న సంగతి ఒక్క పిలకాయకు తెలిస్తే ఒట్టు. ఇంకోరోజు రెండు కాఫీ కెటిల్‌ల బొమ్మ బోర్డు మీద గీశారు. లావు ఒకటే, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. దేంట్లో ఎక్కువ కాఫీ పడుతుంది? అందరం పొడుగుదే అన్నాం. "కొమ్ములు చూడండ్రా" అన్నారు. రెండింటి కొమ్ములూ ఒకటే ఎత్తులో ఉన్నాయి. కొమ్ము దాటి పోస్తే బయటికి కారిపోతుంది కాబట్టి రెండింట్లోనూ పట్టేది ఒకటే.

ఇంకొకటి బండి చక్రం. బండి నడుస్తుంటే చక్రం పైభాగం వేగంగా పోతుందా, కింది భాగమా? ఒకటే చక్రం కదా, అంతా ఒకటే వేగం అన్నాం. వీధిలోకి తీసుకెళ్లి, ఎడ్లబండి చక్రానికి పైనా కిందా సుద్దముక్కతో గీతలు పెట్టి, పక్కన నేలలో కర్ర పాతి, బండిని జానెడు దూరం తోయించారు. పై గీత కర్రను దాటి ఎక్కడికో పోయింది, కింది గీత దాదాపు ఉన్నచోటే ఉంది. బండివాడు మాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. రైలు చక్రానికి పట్టా లోపలివైపు దిగి ఉండే అంచు ఉంటుంది, రైలు ముందుకు పోతున్నప్పుడు ఆ అంచు అడుగుభాగం వెనక్కి పోతుంటుంది అని కూడా పెరెల్మాన్ రాశాడు. దీన్ని ఆ రాత్రి నాకు నేను ఒప్పించుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఆయన రాతలో కిటుకు ఇక్కడే ఉంది. మనకు తెలియనిది చెప్పడంతో మొదలుపెట్టడు. మనం ఏ తప్పు జవాబు ధైర్యంగా చెప్తామో ముందే పసిగట్టి, ఆ జవాబు మన నోటితో చెప్పించి, అప్పుడు మొదలుపెడతాడు. కొత్త విషయాలు నేర్పడం కంటే పాఠకుడికి ముందే తెలిసినదాన్ని తెలుసుకునేలా చేయడమే నా ఉద్దేశం అని ముందుమాటలో ఆయనే రాసుకున్నాడు. రేడియో గురించి, అణువు గురించి, కొత్త సిద్ధాంతాల గురించి ఎందుకు రాయలేదని అడిగినవాళ్లకు, అది వేరే పుస్తకాల పని అని అదే ముందుమాటలో జవాబు చెప్పాడు. ఒక రచయితకు ఏది రాయకూడదో ఇంత స్పష్టంగా తెలిసి ఉండటం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

పెరెల్మాన్ ఎవరో ఆరా తీసింది మాత్రం ఉద్యోగం వచ్చాకే. 1882 డిసెంబరు 4న బియాలిస్టాక్‌లో పుట్టాడు. అప్పట్లో అది రష్యా సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు పోలండ్. తండ్రి గుమాస్తా, బిడ్డ ఊహ తెలియకముందే పోయాడు. తల్లి చిన్నపిల్లల టీచరు. అన్న ఓసిప్ దీమోవ్ అనే పేరుతో నాటకాలు రాశాడు. పెద్ద పెరెల్మాన్ నాటకాల్లోకి పోతే చిన్నవాడు అడవుల్లోకి పోవాల్సింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో (తర్వాత లెనిన్‌గ్రాడ్ అయింది ఈ ఊరే) ఫారెస్ట్రీ చదివి 1909లో పట్టా తీసుకున్నాడు. కానీ ఒక్కరోజు కూడా అడవి ఉద్యోగం చేయలేదు. అప్పటికే పత్రికాఫీసు మనిషి అయిపోయాడు.

మొదటి వ్యాసం అచ్చయింది 1899లో, ఇంకా స్కూలు పిల్లవాడిగా ఉన్నప్పుడు. ఆ ఏడాది నిప్పుల వాన కురిసి లోకం అంతమైపోతుందని అక్కడ పుకారు లేచింది. ఇదంతా ఉల్కల వ్యవహారం, భయపడొద్దు అని వివరిస్తూ పొడి అక్షరాల పేరుతో స్థానిక పత్రికలో రాశాడు. 1979లో అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందని మన ఊళ్లలో జనం ఏం చేశారో చూసినవాణ్ణి నేను. కోళ్లు కోసుకుని తిన్నవాళ్లున్నారు, అప్పులు ఎగ్గొట్టిన వాళ్లున్నారు. ఆ వారం మా ఊళ్లో అలాంటి కుర్రాడు ఒకడుంటే బాగుండేది.

1901 నుంచి 'ప్రకృతి, ప్రజలు' అనే అర్థం వచ్చే పేరుతో నడిచిన ఒక వారపత్రికలో చేరి, పత్రిక 1918లో ఆగిపోయేదాకా అక్కడే ఉన్నాడు. రాయడం, దిద్దడం, ఉత్తరాలకు జవాబులివ్వడం, అన్నీ. రకరకాల మారుపేర్లతో రాసేవాడు. 1913లో 'ఫిజిక్స్' మొదటి భాగం వచ్చింది, 1916లో రెండోది. దాన్ని చదివిన ఖ్వోల్సన్ అనే పేరుమోసిన ఫిజిక్స్ ప్రొఫెసర్, రాసింది అటవీశాస్త్రం చదివినవాడని తెలిసి, ఫారెస్టర్లు మనకు కావలసినంత మంది ఉన్నారు, ఇలా రాసేవాళ్లే లేరు, నువ్వు ఈ పని మానొద్దు అన్నాడట. మానలేదు. జ్యామితి, అంకగణితం, బీజగణితం, ఖగోళం, యంత్రశాస్త్రం, ఒకదాని వెంట ఒకటి. మొత్తం మీద వెయ్యికి పైగా వ్యాసాలు, నలభైకి పైగా జనరంజక విజ్ఞాన పుస్తకాలు, ఇవి కాక స్కూలు పాఠ్యపుస్తకాలు. 'ఫిజిక్స్' ఆయన బతికుండగానే పదమూడు ముద్రణలు చూసింది, ఆఖరిది 1936లో. ప్రతి ముద్రణకూ సరిదిద్దాడు, కలిపాడు, తీసేశాడు.

జీవితంలో ఒక్క కొత్త విషయం కనిపెట్టలేదు. ఏ సిద్ధాంతానికీ ఆయన పేరు లేదు. మన దగ్గర ఇలాంటివాళ్లను తేలిగ్గా "పాపులర్ రచయిత" అని పక్కన పెట్టేస్తారు. ఎవరో వండిన దాన్ని వడ్డించేవాడే కదా అన్నట్టు. మా అయ్యవారితో ఒక కాలేజీ లెక్చరర్ ఒకసారి ఇదే మాట అన్నాడు. "సారూ, వడ్డించేవాడు లేకపోతే మా పిలకాయలు ఆకు ముందర ఆకలితో కూర్చోవాల" అని అయ్యవారు అన్నారు.

ఇక వరికోతల లెక్క. ఆరోజు బోర్డు మీద అయ్యవారు బుచ్చిరెడ్డిపాళెం అని రాశారు. ఒక ముఠా కూలీలకు రెండు చేలు కోసే పని ఉంది, మొలకొలుకులు వేసిన చేలు. పెద్ద చేను చిన్నదానికి రెండింతలు. మధ్యాహ్నం దాకా ముఠా అంతా పెద్ద చేలో కోశారు. తర్వాత సగంమంది అక్కడే ఉండి సాయంత్రానికి దాన్ని పూర్తి చేశారు. మిగతా సగంమంది చిన్న చేలోకి వెళ్లి సాయంత్రం దాకా కోశారు, కొంత మిగిలింది. మిగిలింది మర్నాడు ఒక్క మనిషి రోజంతా కోస్తే అయింది. ముఠాలో ఎంతమంది?

మేమంతా ఎక్స్ అనుకుని, వై అనుకుని తంటాలు పడ్డాం. మాలో ఒకడున్నాడు, కోవూరు వైపు వ్యవసాయం చేసే ఇంటి పిల్లవాడు, లెక్కల్లో ఎప్పుడూ వెనకబెంచీ. వాడు లేచి బొమ్మ గీశాడు. పెద్ద చేనుకు ముఠా అంతా ఒక పూట, సగం ముఠా ఒక పూట పట్టింది. అంటే సగం ముఠా ఒక పూటలో కోసేది పెద్ద చేనులో మూడో వంతు. చిన్న చేను పెద్దదాంట్లో సగం. సగంలోంచి మూడోవంతు తీసేస్తే మిగిలింది ఆరోవంతు. అది ఒక మనిషి ఒక రోజు పని. మొదటిరోజు ముఠా అంతా కలిసి కోసింది పెద్ద చేను మొత్తం, ఇంకో మూడోవంతు, అంటే ఎనిమిది ఆరోవంతులు. ఎనిమిదిమంది మనుషులు. "మా చేలో అయితే ఎనిమిది మందిని పిలిస్తే తొమ్మిది మంది కూలి అడుగుతారు సార్" అని కూడా అన్నాడు వాడు.

అది రష్యా నవలాకారుడు టాల్‌స్టాయ్‌కి చాలా ఇష్టమైన లెక్క అనీ, ఎక్స్‌లు వైలు లేకుండా బొమ్మతో తేల్చడం ఆయనకు మరీ ఇష్టమనీ పెరెల్మాన్ తన బీజగణితం పుస్తకంలో రాసిన సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. రష్యాలో గడ్డి కోసేవాళ్లు, మా దగ్గర వరి కోసేవాళ్లు. లెక్క చెక్కుచెదరలేదు.

నేను కరెంటు పనిలో పడ్డాను. ఎలక్ట్రిసిటీ బోర్డు రోజులు. లైను పనిలో మొదట నేర్పేది తీగను ఎంత వదులుగా వేలాడనివ్వాలన్నది, దాన్నే మేం స్యాగ్ అంటాం. చలికాలం పొద్దున లైను లాగేటప్పుడు కొత్తవాడు చూస్తే బాగానే బిగువుగా ఉంది కదా అనుకుంటాడు. ఏప్రిల్ వచ్చేసరికి అదే తీగ కిందికి దిగి గడ్డి వామి మీద రాసుకుంటుంది. పోనీ ఎండాకాలంలో బిగించి కడితే చలికి కుదించుకుని ఇన్సులేటర్ల మీద, స్తంభాల మీద గుంజుడు పడుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద లైన్‌మన్ ఒకాయన నాకిది చెప్తుంటే నాకు నవ్వొచ్చింది. 'ఫిజిక్స్'లో ఈ విషయం మీద ఒక చిన్న ముక్క ఉంది. మాస్కో, లెనిన్‌గ్రాడ్ మధ్య ప్రతి చలికాలం అయిదువందల మీటర్ల టెలిఫోను తీగ దొంగతనం అవుతుంది, దొంగ ఎవరో అందరికీ తెలుసు, ఎవరూ పట్టుకోరు, ఆ దొంగ చలి అని రాశాడు పెరెల్మాన్. వేసవి రాగానే దొంగ సొమ్మంతా తిరిగి ఇచ్చేస్తాడట. పక్కనే రైలు పట్టాల సంగతి. ఆ రెండు ఊళ్ల మధ్య 640 కిలోమీటర్ల రైలుదారిలో పట్టాల మొత్తం పొడవు చలికాలం కంటే వేసవిలో 300 మీటర్లు ఎక్కువ.

మా అయ్యవారు అప్పట్లో దీన్ని కావలి నుంచి నెల్లూరుకు లెక్క కట్టించారు. దాదాపు యాభై కిలోమీటర్లు, మా చలికీ ఎండకూ తేడా పాతిక డిగ్రీలు వేసుకోమన్నారు. పదిహేను మీటర్లు వచ్చింది. "పట్టా పెరిగితే టిక్కెట్టు కూడా పెంచుతారా సార్?" అని ఎవరో అడిగారు. ఇప్పుడు పట్టాలను పొడుగ్గా అతికించేసి కదలకుండా బిగించేస్తున్నారు కాబట్టి ఆ టకటక చప్పుడూ లేదు, ఆ లెక్కా అలాగే కుదరదు. అల్యూమినియం తీగ సంగతి మాత్రం మారలేదు. రాగి కంటే అల్యూమినియం ఇంకా ఎక్కువ సాగుతుంది. మా దగ్గర నిజం దొంగలు కూడా ఉండేవాళ్లనుకోండి, బావుల దగ్గర లైను రాత్రికి రాత్రి మాయం చేసేవాళ్లు. వాళ్లు వేసవి వచ్చినా తిరిగివ్వరు.

రాకెట్ల సంగతి చెప్పకపోతే మా జిల్లా వాళ్లు ఊరుకోరు. సూళ్లూరుపేట, శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయాయి గానీ మాకు అవి నెల్లూరు జిల్లా ఊళ్లే. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 అక్కణ్ణుంచే లేచి 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని పైకి తీసుకెళ్లింది. ఆ రోజుల్లో కొట్టు దగ్గర బెంచీల మీద ఇదే చర్చ. ఇంత తంటా ఎందుకు, పెద్ద ఫిరంగిలో పెట్టి ఒకే దెబ్బకు పేలిస్తే పోదా అన్నాడొకాయన. జూల్ వెర్న్ కథలో చంద్రుడి మీదికి మనుషుల్ని అట్లాగే పంపించారు. పెరెల్మాన్ ఆ కథను తీసుకుని ఓపిగ్గా లెక్క కట్టాడు. ఫిరంగి గొట్టం దాటే ఆ లిప్తపాటులో లోపలున్నవాళ్ల బరువు అరవై వేల రెట్లు అవుతుంది. వాళ్ల టోపీ ఒక్కటే పదిహేను టన్నులు తూగుతుంది. టోపీ వాళ్లను పచ్చడి చేయడానికి అది చాలు. ఈ లెక్క చెప్పగానే బెంచీ మీద ఆయన తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

రాకెట్లతో పెరెల్మాన్ సంబంధం లెక్కల దగ్గర ఆగలేదు. త్సియోల్కోవ్‌స్కీ అనే చెవిటి స్కూలు మాస్టారు కలూగా అనే చిన్న ఊళ్లో కూర్చుని అంతరిక్ష ప్రయాణాల మీద రాస్తుంటే పట్టించుకున్నవాళ్లు చాలా తక్కువ. పెరెల్మాన్ 1913లో ఆయన ఆలోచనల మీద ఉపన్యాసం ఇచ్చి, ఉత్తరాలు మొదలుపెట్టి, 1915లో గ్రహాంతర ప్రయాణాల మీద ఒక పుస్తకమే వేశాడు. అది పదేపదే అచ్చయింది. 1930ల మొదట్లో లెనిన్‌గ్రాడ్‌లో రాకెట్ల మీద పనిచేసిన బృందంలో కూడా ఉన్నాడు. చంద్రుడి అవతలివైపున, మనకు కనపడని ముఖం మీద, ఒక గుంటకు ఆయన పేరు పెట్టారు. త్సియోల్కోవ్‌స్కీ పేరుతో ఉన్న గుంట కూడా అటువైపే ఉంది.

1935లో లెనిన్‌గ్రాడ్‌లో ఫోంటాంకా నది ఒడ్డున, పాత జమీందారీ భవనంలో 'వినోద విజ్ఞాన గృహం' తెరిచారు. దాని వెనక పెరెల్మాన్ ఉన్నాడు. మ్యూజియం అంటే "ముట్టుకోరాదు" అన్న బోర్డులు కదా, అక్కడ ముట్టుకోకపోతే తప్పు. మిలియన్ అంటే ఎంతో కంటితో చూడటానికి నీలం రంగు మీద మిలియన్ పసుపు చుక్కలు వేయించి పెట్టారు. పది లక్షలు అని నోటితో ఎంత తేలిగ్గా అంటామో, ఆ చుక్కల ముందు నిలబడినవాళ్లు అంత తేలిగ్గా అనలేరు. 1941లో యుద్ధం వచ్చి అది మూతబడింది. మళ్లీ తెరవలేదు.

చివరి భాగం చదవడం కష్టం. జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్‌ను చుట్టుముట్టింది. ఆ నవంబరు, డిసెంబరులో పనిచేయని వాళ్లకు రోజుకు ఇచ్చిన రొట్టె 125 గ్రాములు. దాదాపు అరవై ఏళ్ల మనిషి, ఆ చలిలో ఊరికి అటు చివరి నుంచి ఇటు చివరికి నడుచుకుంటూ వెళ్లి, సైన్యం వేగులకూ నావికులకూ పరికరాలు లేకుండా దిక్కులు, దూరాలు ఎలా తెలుసుకోవాలో పాఠాలు చెప్పాడు. చేతివేలితో దూరం కొలవడం, నక్షత్రాన్ని చూసి దారి పట్టడం. జీవితమంతా పిల్లలకు సరదాగా చెప్పినవే. 1942 జనవరిలో భార్య పోయింది. మార్చి 16న ఆయన పోయాడు, ఆకలితోనే. అయ్యవారికి నేను ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన రిటైరై ఉన్నారు. "అన్ని లెక్కలు తెలిసినాయనకు అన్నం లేకపాయె" అన్నారు, ఆరోజు ఇంకేమీ మాట్లాడలేదు.

అయ్యవారి పుస్తకాలు ఇప్పుడు లేవు. 1989 నవంబరు తుఫాను, గే అని పేరు, సరిగ్గా మా కావలి దగ్గరే తీరం దాటింది. మా కొట్టు రేకులు ఎక్కడికి పోయాయో దొరకలేదు. మేం డిపార్ట్‌మెంట్ వాళ్లం పడిపోయిన స్తంభాల మధ్య వారాల తరబడి తిండీ నిద్రా లేకుండా తిరిగాం. లైన్లు లేచి ఊళ్లలో దీపాలు వెలిగాక అయ్యవారింటికి వెళ్తే, పెంకులు లేచిపోయిన గదిలో పుస్తకాలన్నీ ఉబ్బి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. మాస్కో బైండు ఎంత గట్టిదైనా అంత వానకు ఆగలేదు. కొత్తవి కొందామంటే రెండేళ్లలో ఆ దేశమే లేకుండా పోయింది. వ్యానులో రష్యా పుస్తకాలు తగ్గుతూ తగ్గుతూ కనపడటం మానేశాయి. నేను మళ్లీ 'ఫిజిక్స్' కొనుక్కున్నది మద్రాసులో, పాత పుస్తకాల అంగట్లో. అందులో ఎవరో స్కూలు పిల్ల గుండ్రటి అక్షరాలతో ప్రతి ప్రశ్న పక్కనా తన జవాబు రాసుకుంది. చక్రం దగ్గర "ఒకటే వేగం" అని రాసి, కొట్టేసి ఉంది.

ఇప్పుడు చదవబోయే పిల్లలకు పెద్దగా అడ్డం ఏమీ లేదు. చాలావరకు ఇంగ్లీషు పుస్తకాలు మళ్లీ అచ్చులో ఉన్నాయి. ఒక సలహా ఇస్తాను, వినేవాళ్లు వినండి. 'ఫిజిక్స్' రెండో భాగంతో మొదలుపెట్టొద్దు, అది అతుకుల బొంతలా ఉంటుంది. నవలల్లోంచి పేజీలకు పేజీలు ఎత్తి రాసినచోట దాటేయండి, పెరెల్మాన్‌కు కథలంటే మరీ మోజు, మనకు అంత ఓపిక ఉండదు. లెక్కలంటే భయపడే పిల్లలకు 1984లో మిర్ వాళ్లు వేసిన 'ఫన్ విత్ మ్యాథ్స్ అండ్ ఫిజిక్స్' మేలు, బొమ్మలెక్కువ. లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకు 'ఆల్జీబ్రా కెన్ బీ ఫన్' ఇవ్వండి, మూడు రెళ్లతో ఏ పూర్ణసంఖ్యనైనా రాయడం ఎలాగో చివర్లో ఉంది, వారం రోజులు మిమ్మల్ని విసిగించకుండా కూర్చుంటారు. మా మనవరాలు ప్రస్తుతం ఆ మూడు రెళ్ల దగ్గరే ఉంది. సూర్యుడి చుట్టూ మనం పగలు వేగంగా పోతామా, రాత్రా అన్న ప్రశ్నకు అర్ధరాత్రి అని సరిగ్గానే చెప్పింది. భూమి తన చుట్టూ తాను తిరిగే వేగం, సూర్యుడి చుట్టూ పోయే వేగం అప్పుడు ఒకేవైపు ఉంటాయి, మధ్యాహ్నం ఎదురెదురు. చెప్పి ఊరుకోకుండా, "మరి ఉత్తర ధ్రువంలో నిలబడితే, తాతా?" అని అడిగింది. అక్కడ తేడా ఏమీ ఉండదని నేను జవాబు చెప్పేలోపు తనే చెప్పేసి, మళ్లీ రెళ్లు రాసుకోవడానికి పోయింది.